మూడో పిలుపు

మా ఊరబావిని పోయిన నెలలో పూడ్చారు. ట్రక్కులు లెక్కపెట్టే పని నాకు అప్పజెప్పారు. సున్నపు బట్టీలో రాయి లెక్క చూసే మనిషిని కాబట్టి నా కూడిక తప్పదని ఊళ్ళో ఒక నమ్మకం. నేను బడికి పోయింది నాలుగో తరగతి దాకానే. మిగతాదంతా వేళ్ళమీద, గోడమీద బొగ్గు గీతలతో నాకు నేను నేర్చుకున్నది. మొరం, ఇటుక ముక్కలు, విరిగిన నాపరాళ్ళు కలిపి పంతొమ్మిది ట్రక్కులు పట్టింది. ఇరవయ్యోది సగం పోసి, చాల్లే అని సగం వెనక్కి తోలుకెళ్ళారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఇంకో లెక్క మొదలుపెట్టాను. ఎవరూ అడగనిది. పోయినవి ఎన్ని అని. బావి ఒకటి. దాని గిలక ఒకటి. తాళ్ళు ఒరిసి ఒరిసి గాడులు పడిన గట్టు రాళ్ళు నాలుగు. గట్టుకు ఇవతల మా కుండలు వరసగా పెట్టుకున్న నాపరాయి ఒకటి. డప్పులు మూడు, వాటిని వాయించిన మనుషులు ముగ్గురు. తాత తోలు నానబెట్టిన గోలేలు రెండు. ఒక పాట, దాన్ని చెరి సగం పాడిన గొంతులు రెండు. టీ కొట్టు చూరులో మాకోసం విడిగా దోపిన గ్లాసులు కూడా పోయాయి. వాటిని వేరే గీత కింద వేశాను. పోయినందుకు ఏడవాల్సినవీ, పోయినందుకు మేం బతికిపోయినవీ ఒకే వరసలో వేస్తే మొత్తం తప్పు వస్తుంది.

అంతా కూడేశాక ఒకటి మిగిలింది. అది పోయినవాటిలో చేరదు, ఉన్నవాటిలోనూ చేరదు. దాని సంగతి చెప్పాలంటే నాకు తొమ్మిదేళ్ళున్నప్పటి ఎండాకాలం దగ్గరికి పోవాలి.

అప్పటికి కాలవ రాలేదు. మాచర్ల అవతల కృష్ణకు పెద్ద డ్యాము కడుతున్నారనీ, మనుషులు గంపలు నెత్తిన పెట్టుకుని అక్కడికి పనికి పోతున్నారనీ వినడమే. మా నేలలో జొన్న, మిరప, ఆముదం. వాన పడితే పంట, పడకపోతే దుమ్ము. మాది పల్లె. పల్లె అంటే కొత్తవాళ్ళు గ్రామం అనుకుంటారు. మా వైపు ఊరు అంటే ఊరు. పల్లె అంటే ఊరి చివర మాదిగలం మేముండే చోటు. రెంటికీ మధ్య బండ్ల బాట. ఆ బాటే మా గుడిసెల పక్కగా పోయి, మలుపు తిరిగి, ఊరివాళ్ళ శ్మశానం చేరుతుంది. అందుకని ఊళ్ళో ఎవరు పోయినా చివరిగా చూసేది మేమే.

మా ఇంటికి మూడు వాసనలు. గోలెంలో పులిసిన తంగేడు చెక్క వాసన, సున్నంలో నానిన తోలు వాసన, సందెవేళ జొన్న సంకటిలోకి అవ్వ నూరే ఎండుమిరపకాయల కారం. ఆదివారాల్లో నాలుగోది చేరేది. బాబాయి తలకు రాసుకునే వాసన నూనె. బాబాయి నరసరావుపేట హాస్టల్లో ఉండి పది దాకా చదివాడు. మట్టిగోడల చర్చిలో హార్మోనియం ఆయనదే. దానికి రెండు మెట్లు పలకవు. ఆ రెండు స్వరాల దగ్గర పల్లె మొత్తం గొంతు పెంచి ఆ ఖాళీ పూడ్చేది.

తాత డప్పు కాచేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. జొన్నచొప్ప మంటకు తోలు బిగిసేకొద్దీ వాసన మారుతుంది. ఎప్పుడు చాలో తాత చెవితో కాదు, ముక్కుతో చెప్పేవాడు. నేను దెబ్బలు లెక్కపెడుతుంటే నవ్వేవాడు. "దెబ్బలు లెక్కపెట్టమాక. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటది చూడు, అది లెక్కపెట్టు. వాయించేది దాన్నే," అనేవాడు. నాకు తెలిసిన గణితానికి మొదటి పాఠం అది.

పల్లెలో బావి ఉండేది కానీ మాఘం దాటితే అడుగున బురదే. ఊరబావి ఎండేది కాదు. దాని గట్టు మేం ఎక్కకూడదు. మా ఆడవాళ్ళు పొద్దునా సందెవేళా కుండలు తీసుకుపోయి, గట్టు కింద నాపరాయి మీద వరసగా పెట్టి, కింద కూర్చోవాలి. ఊరివాళ్ళెవరికైనా బుద్ధి పుట్టి చేది పోస్తే నీళ్ళు. లేకపోతే కూర్చోవడమే.

తప్పకుండా వచ్చేది ఒక్క మనిషి. ఊళ్ళో పెద్ద రైతు తల్లి. ముసలామె, ముండ మోసి చాలా ఏళ్ళయింది. ఎందుకు వచ్చేదో ఎవరికీ తెలియదు. మొక్కు అనేవాళ్ళు కొందరు. పాటకు వంత కావాలి కాబట్టి వస్తుంది అనేది మా అవ్వ. ఆమె చేద బావిలోకి దించుతూ తన పుట్టింటి వైపు పాట ఒకటి ఎత్తుకునేది. మాటలు తక్కువ, దీర్ఘాలు ఎక్కువ. గిలక కిర్రుమన్న చోట ఆమె ఆగేది. ఆ ఆగిన చోట కింద కూర్చున్న మా అవ్వ వంత అందుకునేది. మళ్ళీ ఆమె. మళ్ళీ అవ్వ. పైనుంచి ఒకరు, కిందనుంచి ఒకరు, మధ్యలో నీళ్ళు పడే చప్పుడు. తాకకుండా ఎత్తునుంచి పోసేది కాబట్టి రెండు చేదల కుండ నిండటానికి మూడు చేదలు పట్టేది. మూడోది నేలపాలు.

ఒకసారి నేను మా కుండను చివరనుంచి జరిపి జరిపి మొదటికి తెచ్చాను. ఆమె పైనుంచి చూసింది. "ఒసే పిల్లా, మీ కుండకి కాళ్ళొచ్చినయ్యే?" అంది. నేను తల ఎత్తలేదు. మా కుండే ముందు నింపింది.

ముప్పై ఏళ్ళు వాళ్ళిద్దరూ అట్లా పాడారని అవ్వ చెప్పేది. ఆ ముప్పై ఏళ్ళలో ఆమె అవ్వను పేరుపెట్టి పిలవలేదు. 'పట్టవే', 'జరగవే', 'ఇంకెన్ని కుండలే', అంతవరకే. అవ్వ ఆమెను 'అమ్మగారూ' అనేది. ఊళ్ళో రక్తం కలవనివాళ్ళకు కూడా వరసలుంటాయి. పక్కింటామె అత్త, ఎదురింటామె వదిన, కోమట్ల కొట్టాయన బాబాయి. ఆ వరసలు బండ్ల బాట దాటి ఇవతలికి వచ్చేవి కావు. పాట మాత్రం వచ్చేది.

ఇప్పుడు చావు డప్పు గురించి చెప్పాలి, లేకపోతే తరవాత జరిగింది తెలియదు. ఊళ్ళో ఎవరు పోయినా తాతా, ఇంకో ఇద్దరూ పాడె ముందు డప్పు కొట్టాలి. అది అడిగేది కాదు, చెప్పేది. మా ఊళ్ళో పాడె మోసేవాళ్ళు కళ్ళతో నడవరు, చెవులతో నడుస్తారు. డప్పు నడక దెబ్బ మీద ఉన్నంతసేపు అడుగులు పడతాయి. బాట మలుపులో చదునైన బండ ఒకటుంది. అక్కడికి రాగానే తాత దెబ్బ మార్చేవాడు. పాడె దించేవాళ్ళు. అప్పుడు డప్పు పూర్తిగా ఆగేది. అదే దింపుడు కళ్లం. సొంతవాళ్ళు చెవి దగ్గరికి వంగి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలైనా దాక్కుని ఉంటే పలుకుతుందని. మూడో పిలుపుకీ పలక్కపోతే డప్పు మళ్ళీ మొదలవుతుంది. పోయినట్టు లెక్క.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో, ఆదివారం ప్రార్థన కూటం అయ్యాక, పల్లె మగవాళ్ళు చర్చిలోనే కూర్చుని ఒక మాట అనుకున్నారు. బాబాయి లేచి, అంటరానితనం తప్పని చట్టం వచ్చి ఏళ్ళయిందనీ, అది పేటలో ఉందిగానీ మన బాట దాటి రాలేదనీ చెప్పాడు. మన చేత్తో మన చేద వేసుకునేదాకా చావుకు డప్పు కొట్టొద్దు అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు.  తాత ఇంటికొచ్చి తన డప్పును మధ్య దూలానికి వేలాడేశాడు. మిగతా ఇద్దరూ తెచ్చి దాని పక్కనే కట్టారు. తీస్తే ముగ్గురం కలిసి తీద్దాం అని.

మాట అనుకున్నాక ఊళ్ళో వచ్చిన మొదటి చావు ఆ ముసలామెదే.

మిట్టమధ్యాహ్నం బావి దగ్గర్నుంచి ఇంటికి పోయి, దాహమని అడిగి, నీళ్ళు తెచ్చేలోపు పోయిందట. కబురు తెచ్చిన జీతగాడు వాకిట్లో నిలబడి డప్పులు అన్నాడు. బాబాయి రామని చెప్పి పంపాడు. అవ్వ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది.

"ఒరేయ్, నీ నోట్లో మొదట పోసిన నీళ్ళు ఆమె చేదినయ్యిరా. ఈ ఒక్కసారికి కొట్టనియ్యి," అంది.

"ఈ ఒక్కసారి అనేది ఇది ఎన్నోసారో చెప్పమ్మా, అప్పుడు కొడదాం," అన్నాడు బాబాయి.

తాత ఇద్దరినీ చూడలేదు. దూలం వైపు చూస్తూ కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా పాడె వచ్చింది. మేం కంచె దగ్గర నిలబడి చూశాం. డప్పు లేని పాడెను నేను అదే మొదటిసారి చూడటం. మనుషులు వందకు తక్కువ లేరు, కానీ చప్పుడు లేదు. దుమ్ములో అడుగులు, చల్లిన పేలాలు నేలమీద పడటం కూడా వినబడింది. పాడె నడక కూడా సరిగ్గా లేదు. ముందువాళ్ళు ఒక తాళంలో, వెనకవాళ్ళు ఇంకో తాళంలో. ఆమె తల అటూ ఇటూ ఊగింది, ఏదో వద్దంటున్నట్టు.

మలుపు వచ్చింది. బండ వచ్చింది. వాళ్ళు ఆగలేదు.

ఆగమని చెప్పే దెబ్బ లేదు. అంతమందిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఎప్పుడూ గుర్తుపెట్టుకునే పని పడలేదు మరి. బండ దాటి పోయారు. తాత ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. కుడిచెయ్యి గాలిలో లేచి, లేని డప్పుమీద ఒక దెబ్బ వేసి, అక్కడే ఆగిపోయింది. పాడె కనబడకుండా పోయాక, "దించలేదు," అన్నాడు. "పిలవకుండా తీసుకుపొయ్యారు."

శ్మశానం చేరిన పాడెను వెనక్కి తిప్పరు. అట్లానే కాల్చారు.

మూడోనాడు సందెవేళ మా ఆడవాళ్ళు కుండలతో బావికి పోయారు. నేనూ పోయాను. నాపరాయి మీద కుండలు పెట్టి కూర్చున్నాం. ఎవరూ రాలేదు. గిలకకు తాడు లేదు. చేదా తాడూ ఎవరివి వాళ్ళు ఇంటికి తీసుకుపోతారు. గాలి అసలే లేదు, కంది పుల్ల కూడా కదలటం లేదు. ఆ ఒట్టి గిలక తిరిగింది. గిర్రున కాదు. నిండిన చేద బరువుకు ఎట్లా తిరుగుతుందో అట్లా, నిదానంగా, కిర్రుమంటూ. ఆగింది. ఆ ఆగిన చోట మా అవ్వ గొంతులోంచి వంత వచ్చింది. తను పాడలేదని తరవాత ప్రమాణం చేసింది. గొంతు దానంతటదే లేచిందట. ఆడవాళ్ళందరూ ఒక్కసారి లేచారు. రెండు కుండలు పగిలాయి. అందులో ఒకటి మాది.

ఆ తరవాత ఊరి ఆడవాళ్ళు కూడా సందెవేళ బావికి రావటం మానేశారు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు గుంపుగా వచ్చి, చేదుకుని, వెనక్కి చూడకుండా పోయేవాళ్ళు. నిలబడి మాకు పోసేవాళ్ళు లేరు. పల్లెకు నీళ్ళు ఆగిపోయాయి. వాగులో ఇసక తోడి చెలమ నీళ్ళు తెచ్చుకునేవాళ్ళం. రానూ పోనూ రెండు కోసులు. మా తమ్ముడికి ఏడాది నిండలేదు. ఆ నీళ్ళు పడక వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్ళు లోపలికి పోయాయి. అమ్మ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని పెదాలకు తడిగుడ్డ అద్దుతూ కూర్చునేది.

అదే రోజుల్లో మలుపు దగ్గర్నుంచి డప్పు వినబడటం మొదలైంది. దీపాలు పెట్టే వేళకు ఒక దెబ్బ. తరవాత చాలాసేపటి ఖాళీ. మళ్ళీ ఒకటి. ఊరివాళ్ళు మేమే కొడుతున్నామన్నారు. ఇద్దరు మనుషులు వచ్చి బాటమీద నిలబడి, భయపెడితే బావి వస్తుందనుకుంటున్నారా అని కేకలేశారు. బాబాయి వాళ్ళను వాకిట్లోకి రమ్మన్నాడు. రాలేదు. అక్కడినుంచే చూడమని లోపలికి పోయి డప్పులు విప్పాడు. దుమ్ము పట్టి ఉన్న రెండు డప్పులూ తడిగుడ్డలా వదులుగా ఉన్నాయి. తాత డప్పు మీద చెయ్యి వేసి బాబాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను కూడా ముట్టుకున్నాను. వెచ్చగా ఉంది. తోలు ఇప్పుడే మంట మీదనుంచి తీసినట్టు బిగిసి ఉంది.

"ఎండకి కాగింది," అన్నాడు బాబాయి.

మూడూ ఒకే దూలానికి, ఒకే తాటాకు కింద ఉన్నాయి. ఎండ మూడింటికీ ఒక్కటే.   తాత తన డప్పును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి తిరిగి వేలాడేశాడు.

ఒక సాయంత్రం కూటం జరుగుతుండగా ఆ ముసలామె కొడుకు పల్లెలోకి వచ్చాడు. ఆ ఇంటి మనిషి కాలు మా మట్టిమీద పడటం ఎవరూ చూసి ఎరగరు. కీర్తన అయ్యేదాకా చర్చి గోడ పక్కన నిలబడ్డాడు. అందరూ బయటికొచ్చాక ఆయన తాత ఎదటికి వచ్చి నోరు తెరిచాడు, పిలుపు రాలేదు. అంతకుముందు తాతను 'ఒరేయ్' అనేవాడు. ఆ రోజు అది నోట్లోంచి రాలేదు; దాని బదులు రావాల్సింది ఏదో ఆయనకు తెలియలేదు. చివరికి పిలుపు లేకుండానే మాట్లాడాడు.

"అమ్మ పోలేదు. గొడ్లు ఆ మలుపు దాటటం లేదు. ఇంట్లో ఆడాళ్ళు తెల్లార్లూ దీపం ఆర్పనియ్యటం లేదు. దించకుండా తీసుకుపొయ్యాం మేము."

"చూశాను," అన్నాడు తాత.

"చూసి కూడా చెప్పలేదే?"

"చెపితే ఆగేవాళ్ళా అయ్యా? పాడె దగ్గర పల్లెవాడి గొంతు లేచిందని నన్ను అక్కడే పండబెట్టేవాళ్ళు."

 ఆయన బండ దగ్గర డప్పు కొట్టి కళ్లం జరిపించమని అడిగాడు. అడిగాడు, చెప్పలేదు. బాబాయి మాట చెప్పాడు: ముందు మా ఆడవాళ్ళు మా చేదతో, మా తాడుతో నీళ్ళు చేదుకోవాలి. ఆ ఒక్కరోజు కాదు, ఇక ఎప్పటికీ.

"ఊరు ఒప్పుకోదబ్బాయ్."

"అయితే మీ అమ్మా పోదు," అన్నాడు బాబాయి.

చట్టం పేట నుంచి మా బాట దాకా రావడానికి ఏళ్ళు చాలలేదు. భయం నాలుగు రోజుల్లో వచ్చింది. ఊరి పెద్దలు ఒప్పుకున్నారని అయిదో రోజు కబురు పంపారు.

తెల్లారాక పల్లె మొత్తం బావికి పోయింది. ఊరివాళ్ళు దూరంగా అరుగులమీద నిలబడ్డారు. గట్టు మొదట ఎక్కింది మా అవ్వ. తన ఇంట్లో ముప్పై ఏళ్ళుగా పల్లె బావి తప్ప ఎరగని చేదను చింతపండుతో తోమి తెచ్చుకుంది. నేను పక్కనే ఎక్కాను. అవ్వ ముందు ఆ గట్టురాయి గాడిలో వేలు పెట్టి చూసింది. తరవాత తాడు గిలకమీద వేసి చేద వదిలింది.

నీళ్ళు తగిలిన చప్పుడైంది. లాగటం మొదలుపెట్టింది. ఊరికే లాగటం ఆమెకు చేతకాలేదు. ముప్పై ఏళ్ళు విన్న పాట ఎత్తుకుంది. తన వంత కాదు, ఆ ముసలామె ఎత్తుకునే ముక్క. గిలక కిర్రుమన్న చోట ఆగింది.

బావిలోంచి వంత వచ్చింది.

బావిలో మాట తిరిగొస్తుందని నాకు తెలుసు. రాళ్ళు వేసి, కేకలు వేసి వందసార్లు చూశాను. కానీ వేసిందే తిరిగొస్తుంది. అవ్వ ఎత్తుకున్నది పైముక్క. వచ్చింది కిందిముక్క. నేను ఒక్కదాన్నే వినలేదు. అరుగులమీది ఊరివాళ్ళు కూడా విన్నారు, ఒకాయన చెయ్యి గుండెమీదికి పోయింది. ఈ లెక్క నేను ఎన్నో విధాల వేసి చూశాను. తేలలేదు. అవ్వ మాత్రం ఆగకుండా చేద పైకి లాగింది. రెండు చేదలకు మా కుండ నిండింది. చుక్క బయట పడలేదు. ఆ నీళ్ళు కాచి తమ్ముడికి పట్టాం. వారం తిరిగేసరికి వాడి కళ్ళు పైకి తేలాయి.

ఆ సాయంత్రం మలుపు దగ్గర కళ్లం. పాడె లేదు కాబట్టి ఆ ముసలామె నీళ్ళు చేదిన చేదను తెల్లగుడ్డలో కట్టి నలుగురు మోశారు. తాతా, ఆ ఇద్దరూ జొన్నచొప్ప మంటలో డప్పులు కాచుకున్నారు. తాత డప్పుకు మంట అవసరం పడలేదు. ఊరు ఒక పక్క, పల్లె ఒక పక్క నడిచింది. బాట ఇరుకు కాబట్టి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఎవరు ఎటో తెలియకుండా కలిసిపోయారు. భుజాలు తగిలాయి.  అందరి చెవులూ డప్పుమీదే ఉన్నాయి.

దెబ్బ మారింది. చేదను బండమీద దించారు. డప్పు ఆగింది.

కొడుకు వంగి "అమ్మా" అన్నాడు. మేం విన్నాం, ఏమీ పలకలేదు. కోడలు వంగి "అత్తా" అంది. ఆయన లేచి నిలబడి మా అవ్వ వైపు తిరిగాడు.

"మూడోది నువ్వు పిలువు. మాకంటే నీతోనే ఎక్కువ పలికింది," అన్నాడు.

అవ్వ ముందుకు పోయింది. మోకాళ్ళమీద కూర్చుని, తెల్లగుడ్డ దగ్గర చెవి పెట్టినట్టు తల వంచింది. పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. తాత చేతిలో పుల్లలు లేచి ఉన్నాయి, మూడో పిలుపు కోసం. ఎంతసేపో చెప్పలేను, ఆ ఖాళీని నేను లెక్కపెట్టలేకపోయాను. అవ్వ లేచింది.

"ఏమని పిలవాలయ్యా?" అంది.

"నీ ఇష్టం."

"అమ్మగారూ అని పిలిస్తే పొద్దున గట్టెక్కిందెందుకు? పేరు పెట్టి పిలిచేదానికి నేను పెద్దదాన్ని కాదు. వరస పెట్టి పిలుద్దామంటే ఆమె నాకు వరస ఇయ్యలా. పట్టవే అంది, జరగవే అంది. నా పేరు ఆమెకి తెలుసో తెలీదో కూడా నాకు తెలీదు. పాటలో కలిశాం గానీ పిలుపులో కలవలా."

"ఏ వరసైనా పెట్టుకో. నేను ఒప్పుకుంటా," అన్నాడు ఆయన.

"అది నువ్వు ఒప్పుకునేది కాదు నాయనా. ఆమె ఇయ్యాల్సింది," అని అవ్వ వెనక్కి వచ్చి మా మధ్య నిలబడింది.

మూడో పిలుపు పడలేదు. పడకుండా డప్పు మొదలుపెట్టకూడదు. తాత పుల్లలు దించాడు. ఆ ఇద్దరూ దించారు. జనం ఆ నిశ్శబ్దంలోనే చెదిరి ఇళ్ళకు పోయారు. తాత మళ్ళీ డప్పు పట్టుకోలేదు. ఎవరడిగినా, "ఆగి ఉన్నాను. అయిపోలేదు," అనేవాడు.

ఊరు మాట తప్పలేదు. బావి మాది కూడా అయింది. గ్లాసులు పోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది, ఆ గొడవ వేరు. మలుపు దగ్గర డప్పు పోయిందని అందరూ అన్నారు. పోలేదు. మారింది. అంతకుముందు ఒక దెబ్బ వచ్చేది. ఆ తరవాత రెండు. రెండు వరసగా పడి, మూడోదానికి సరిపడా ఖాళీ, మళ్ళీ రెండు. నేను సున్నపు బట్టీ నుంచి వచ్చేటప్పుడు చాలాసార్లు విన్నాను. వినడం అలవాటైపోయాక భయం పోతుంది, అదొక్కటే తేడా.

కాలవ వచ్చింది. మాగాణి వచ్చింది. తాత పోయాడు. ఆ తరవాత చానాళ్ళకు అవ్వ పోయింది. అవ్వను పెట్టెలో పెట్టి, కీర్తన పాడుకుంటూ, అదే బాటలో మా సమాధుల దొడ్డికి తీసుకుపోయాం. మాకు కళ్లం లేదు, దించటం లేదు. కానీ మలుపు దగ్గర బండ పక్కన ఒక ముసలాయన చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ ముసలామె కొడుకు. మోసేవాళ్ళు ఎందుకో ఆగారు. బాబాయి పాట ఆపాడు. ఆయన కర్ర కింద పెట్టి, పెట్టెమీద చెయ్యి వేసి, వంగాడు.

"అత్తా," అన్నాడు.

ఒక్కసారే. కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక నేను ఆ వరసను లెక్కవేశాను. ఆయనకు మా అవ్వ అత్త అయితే, ఆయన తల్లికి మా అవ్వ వదిన. అంటే ఆ తల్లి మా అవ్వకు వదిన. అవ్వ అడిగిన వరస ఆ ఇంటినుంచి వచ్చేసింది. పిలవాల్సిన నోరు పెట్టెలో ఉన్నప్పుడు వచ్చింది. అప్పటినుంచి బాకీ వాళ్ళది కాదు. మాది. మా ఇంట్లో ఇప్పుడు పెద్దదాన్ని నేనే.

ఆ వరస ప్రకారం ఆమె నాకూ అవ్వే అవుతుంది. పిలవొచ్చు. చాలా సాయంత్రాలు ఆ బండ దాకా పోయాను. నోరు తెరిచాను. పిలవలేకపోయాను; ఎవరు పలుకుతారో అని కాదు. పిలిచాక ఆ రెండు దెబ్బల తరవాతి ఖాళీ పోతుంది. తాత ఆగి ఉన్నది, అవ్వ దాచుకున్నది ఆ ఖాళీలోనే ఉంది. అది పూడిస్తే నా దగ్గర వాళ్ళది ఇంకేం మిగలదు. ఇట్లా ఏటికేడు వాయిదా వేశాను.

బావి పూడ్చిన మర్నాడు కాంట్రాక్టరు మనిషి మా ఇంటికొచ్చాడు. రాత్రికి రాత్రి మట్టి మూరెడు లోపలికి దిగిందనీ, నేను ట్రక్కులు ఎక్కువ రాశాననీ అన్నాడు. పోయి చూశాను. నిజమే, దిగింది. గుండ్రంగా, ఎవరో లోపలినుంచి జాగా చేసుకున్నట్టు. వంగి చెవి పెట్టాను. చుట్టూ జనం చూస్తున్నారు.

"లెక్క తప్పలేదు నాయనా," అన్నాను. "లోపల ఇంకా ఖాళీ ఉంది."

ట్రక్కులు పంతొమ్మిదిన్నర. పడిన పిలుపులు రెండు. బాకీ ఒకటి.